చెరువుగట్టున ఉడుము

“ఉడుము పట్టు” అను మాట నెరుగని తెలుగువారు లేరు. కాని ఉడుమును కన్నులార చూచినవారు నేటి నగరవాసులలో కొలదిమందియే. అది అడవికే పరిమితమైన జీవి కాదు. హైదరాబాదు పడమటి భాగమున, 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి మేడలు పెరిగిన ప్రాంతమునకు చేరువనే, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఉడుములు నివసించుచున్నవి. అచ్చటి బండలు, పొదలు, చెరువులు వాటికి ఆశ్రయము.

మన ఉడుమును శాస్త్రజ్ఞులు వరానస్ బెంగాలెన్సిస్ అందురు. పెరిగినది తోకతో కూడ ఒక మీటరునకు మించియుండును. ఒడిశాలోని భితరకనిక మడ అడవులలోను, బాంగ్‌కాక్ నగరపు లుంఫినీ ఉద్యానవనములోను తిరుగాడు నీటి ఉడుము వేరొక జాతి. మనది నేలమీది ప్రాణియే. అయినను చక్కగా ఈదును, నీట మునిగి చాలసేపు ఉండగలదు. కావున చెరువుగట్టు దానికి వేటచోటు, దాగుచోటు కూడ.

ఉడుమును చూడగోరువారు ఎండ కాసిన ఉదయమున, కొంచెము ప్రొద్దెక్కిన పిదప, దూరమున నిలిచి బండలను పరికింపవలెను. రాత్రి బొరియలో గడపిన ఉడుము ఎండ కాగి, ఒడలు వెచ్చబడిన తరువాతనే వేటకు బయలుదేరును. పాము నాలుకవలె చీలిన నాలుకను మాటిమాటికి చాచుట విషము చిమ్ముటకు కాదు. గాలిలోని వాసనను అంగిటనున్న ఘ్రాణావయవమునకు చేర్చుటకు. పురుగులు, పీతలు, కప్పలు, ఎలుకలు, గ్రుడ్లు దాని ఆహారము. మనుష్యుని చంపు విషము దానికి లేదు. త్రోవ లేక చిక్కుకొన్నప్పుడు మాత్రము తోకతో కొట్టును, కరచును.

దానికి మనుష్యుని వలననే భయమెక్కువ. మాంసమునకై, నూనెకై దానిని చంపుదురు. మా సంగీత కార్యక్రమములలో మీరు వినుచున్న కంజీరకు పూర్వము ఉడుము చర్మమునే మూయుచుండిరి. నేడు మేకతోలు మూసినవి లభించుచున్నవి. అదృష్టము తెచ్చు వేరని “హత్తా జోడి” పేర అమ్మునది నిజమునకు ఎండిన మగ ఉడుము జననేంద్రియము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రథమ షెడ్యూలులో ఉడుము కలదు. దానిని పట్టుట, చంపుట, అమ్ముట నేరములు.

నివాసము పోవుట మరియొక ఆపద. విశ్వవిద్యాలయము చెంతనున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల భూమిని చదును చేయుట 2025 మార్చి చివర మొదలుకాగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించినది. పొద పోయిన ఉడుమునకు మిగులునవి రహదారియు, మురుగుకాలువయు, మన ప్రాంగణములును.

కావున మేము శ్రోతలకు మనవి చేయునది ఇది: ఇంటి ఆవరణలో ఉడుము కనబడినచో కర్ర అందుకొనకుడు. పిల్లలను, కుక్కలను దూరముగ నుంచి త్రోవ విడువుడు. అది తానే పోవును. గాయపడినను, చిక్కుకొన్నను అటవీశాఖవారికి తెలుపుడు. మన చెరువుగట్టున ఎలుకలను అదుపులో నుంచు ఈ పొరుగువానికి మనము చేయవలసిన ఉపకారము ఇంతియే.