ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్: అందరి కళ్లూ ఒకటో పేరు మీదే.. దుమ్ము రేపింది మాత్రం 62వ పేరు!

జూన్ వచ్చిందంటే చాలు, కెనడాలో హాకీ అభిమానులకు నిద్ర పట్టదు. సీజన్ అయిపోవచ్చింది. చాలామంది జట్లు ఎప్పుడో ఓడి ఇంటికెళ్లిపోయాయి. అయినా గొడవ మాత్రం ఆగదు. మాంట్రియల్ బార్‌లో, టొరంటో రేడియోలో, ఆఫీసు క్యాంటీన్‌లో ఒకటే టాపిక్: "ఈసారి డ్రాఫ్ట్‌లో మనోళ్లు ఎవర్ని తీసుకుంటారు?" వాదించుకునేది స్టార్ ఆటగాడి గురించి కూడా కాదు. ఇంకా స్కూలు పూర్తి కాని, 18 ఏళ్లు కూడా నిండీ నిండని కుర్రాడి గురించి!

ఇంత గొడవ ఎందుకు? అసలీ డ్రాఫ్ట్ అంటే ఏంటి? 2022లో మాంట్రియల్‌లో ఏం జరిగిందో చూస్తే మొత్తం అర్థమైపోతుంది.

మన హాకీ కాదు.. వేలం అసలే కాదు

ముందు ఒక క్లారిటీ. ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. మంచు మీద స్కేట్లు వేసుకుని, బంతి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్లతో ఆడే ఐస్ హాకీ. అమెరికా, కెనడాలో కలిపి 32 జట్లున్న ఎన్‌హెచ్‌ఎల్ దీనికి అతిపెద్ద లీగ్.

మనకు తెలిసింది వేలం. ఐపీఎల్‌లోనైనా, హైదరాబాద్ తూఫాన్స్ ఆడే హాకీ ఇండియా లీగ్‌లోనైనా డబ్బున్నోళ్లు చెయ్యెత్తితే ఆటగాడు వాళ్ల సొంతం. హాకీ ఇండియా లీగ్ 2024 వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలు పలికింది అలాగే. డ్రాఫ్ట్‌లో పాట పాడటం ఉండదు. జట్లు వరుసగా వస్తాయి, తలా ఒక పేరు చెబుతాయి. అంతే. 7 రౌండ్లు, 32 జట్లు, మొత్తం 224 పేర్ల దాకా.

మరి ముందు ఎవరొస్తారు? అక్కడే ఉంది ట్విస్ట్. బాగా ఓడినోళ్లే ముందు! ప్లేఆఫ్స్‌కి వెళ్లని 16 జట్ల మధ్య లాటరీ తీస్తారు. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి పేరు చెప్పే అవకాశం 25.5 శాతం. అంటే నాలుగింట ఒక వంతు. చివరి స్థానంలో ఉన్నా గ్యారంటీ మాత్రం లేదు.

వయసు రూల్ కూడా గట్టిదే. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబర్ 17న. రెండంటే రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ మిస్సయ్యాడు. మర్నాటి ఏడాది నంబర్ వన్‌గా టొరంటోకు వెళ్లాడు.

ఓడిపోవాలని మొక్కుకున్న అభిమానులు

ఒక్కసారి డ్రాఫ్ట్ చేశాక ఆ కుర్రాడి మీద హక్కు జట్టుదే. మొదటి మూడేళ్ల కాంట్రాక్టులో జీతానికి లీగ్ పెట్టిన పరిమితి ఉంటుంది. ఆ తర్వాత కూడా 27 ఏళ్లు వచ్చేదాకా, లేదంటే 7 సీజన్లు ఆడేదాకా తనకు నచ్చిన జట్టుకు స్వేచ్ఛగా వెళ్లలేడు. జట్టు మొత్తం జీతాల మీద కూడా సీలింగ్ ఉంది కాబట్టి, తక్కువ జీతానికి దొరికే ఒక మంచి కుర్రాడు జట్టు తలరాతనే మార్చేస్తాడు. అభిమానులు అంతలా ఊగిపోయేది ఇందుకే.

ఇది ఎంతదాకా వెళ్లిందంటే.. 2015 మార్చిలో బఫెలోలో ఓ మ్యాచ్. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో కానర్ మెక్‌డేవిడ్ ఉన్నాడు. తరానికి ఒక్కడు అనే పేరు అప్పటికే వచ్చేసింది. అట్టడుగున ఉన్న బఫెలో, దాని పక్కనే ఉన్న అరిజోనా తలపడ్డాయి. ఓవర్‌టైమ్‌లో అరిజోనా గోల్ కొట్టింది. సొంత జట్టు ఓడింది. స్టేడియంలో మాత్రం చప్పట్లు, కేకలు! మంచు మీదున్న బఫెలో ఆటగాళ్ల మొహాలు మాడిపోయాయి.

తీరా చూస్తే లాటరీ తగిలింది ఎవరికి? 11.5 శాతం ఛాన్స్ ఉన్న ఎడ్మంటన్‌కి. మెక్‌డేవిడ్ అటు వెళ్లిపోయాడు. బఫెలోకి దక్కింది రెండో పేరు, జాక్ ఐకెల్. చప్పట్లు కొట్టినందుకు ఫలితం అదీ.

మాంట్రియల్ 2022: ఊరంతా రెండు వర్గాలు

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. మాంట్రియల్ కెనేడియన్స్ అంటే మామూలు జట్టు కాదు. 24 స్టాన్లీ కప్పులు గెలిచింది, ఇంకే జట్టుకూ అన్ని లేవు. కాకపోతే ఆఖరిది 1993లో. 2021లో ఫైనల్ దాకా వెళ్లిన జట్టు, మరుసటి సీజన్‌లో ఏకంగా లీగ్‌లోనే చివరికి పడిపోయింది. లాటరీలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. నంబర్ వన్ వాళ్లదే. డ్రాఫ్ట్ జరిగేది కూడా వాళ్ల సొంత స్టేడియం బెల్ సెంటర్‌లోనే.

ఇక్కడ ఓ పాత గాయం ఉంది. మాంట్రియల్ అంతకుముందు నంబర్ వన్ పేరు చెప్పింది 1980లో. అప్పుడూ డ్రాఫ్ట్ ఆ ఊళ్లోనే. సొంతూరి కుర్రాడు డెనీ సవార్డ్‌ను కాదని డగ్ వికెన్‌హైజర్‌ను తీసుకున్నారు. సవార్డ్ మూడో పేరుగా షికాగోకు వెళ్లి, 1,300కు పైగా పాయింట్లు సాధించి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వికెన్‌హైజర్ ఆ స్థాయికి రాలేకపోయాడు. నలభై రెండేళ్లైనా మాంట్రియల్ పెద్దాళ్లు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ నిట్టూరుస్తారు. అందుకే 2022లో ఊరికి అంత టెన్షన్.

ఒక వర్గం షేన్ రైట్ వైపు. ఒంటారియో కుర్రాడు, సెంటర్. జూనియర్ లీగ్ ఓహెచ్‌ఎల్‌లో మామూలుగా 16 ఏళ్లకు ఆడనిస్తారు. రైట్‌కు 15కే ప్రత్యేక అనుమతి ఇచ్చారు. జాన్ టవారెస్, మెక్‌డేవిడ్ లాంటి అతికొద్దిమందికే ఆ గౌరవం దక్కింది. తొలి సీజన్‌లోనే 58 మ్యాచ్‌ల్లో 39 గోల్స్. 2021లో టెక్సస్‌లో, మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లలో జరిగిన అండర్-18 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కెప్టెన్‌గా 5 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టి స్వర్ణం గెలిపించాడు. "మూడేళ్లుగా వీడే నంబర్ వన్ అంటున్నారు, ఇంకా ఆలోచించేదేముంది?" అనేది వీళ్ల వాదన.

రెండో వర్గం యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ వైపు. స్లోవేకియా కుర్రాడు, వింగర్. ఆరడుగుల మూడంగుళాలు దాటిన ఎత్తు, 100 కిలోలకు పైనే బరువు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే 7 గోల్స్ కొట్టి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. స్లోవేకియాకు ఒలింపిక్ హాకీలో తొలి పతకం, కాంస్యం, వచ్చింది ఆ టోర్నీలోనే.

వాదన ఇక్కడే ముదిరింది. రైట్ వర్గం అడిగింది: "ఆ ఒలింపిక్స్‌కు కొవిడ్ వల్ల ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లే రాలేదు కదా? పైగా ఫిన్లాండ్ లీగ్‌లో మనవాడు చేసింది 31 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లేగా?" రైట్‌కేమో ఆ సీజన్‌లో 63 మ్యాచ్‌ల్లో 94. స్లాఫ్‌కోవ్‌స్కీ వర్గం ఊరుకుంటుందా? "రైట్ ఆడింది పిల్లల మీద, మావాడు ఆడింది గడ్డాలు పెరిగిన మగాళ్ల మీద" అని తిప్పికొట్టింది.

నిజానికి రెండు వైపులా పాయింట్ ఉంది. తేలనిది ఎందుకంటే ఆ రెండు అంకెలకూ కొలబద్ద ఒకటి కాదు. ఓహెచ్‌ఎల్‌లో అందరూ ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లే. ఫిన్లాండ్ లీగ్‌లో ముప్పై దాటిన ప్రొఫెషనల్స్ ఉంటారు, 17 ఏళ్ల పిల్లాడికి ఆట సమయమే తక్కువ దొరుకుతుంది. ఎన్‌హెచ్‌ఎల్ సొంత స్కౌటింగ్ విభాగం కూడా ఉత్తర అమెరికా కుర్రాళ్లకు ఒక లిస్టు, యూరప్ కుర్రాళ్లకు వేరే లిస్టు ఇస్తుంది. ఆ ఏడాది మొదటిదాంట్లో రైట్, రెండోదాంట్లో స్లాఫ్‌కోవ్‌స్కీ, ఇద్దరూ నంబర్ వన్నే! ఇంకేం, గొడవకు ఇంతకంటే పెట్రోల్ కావాలా?

దీనికి తోడు కొవిడ్. రైట్ ఆడాల్సిన 2020-21 ఓహెచ్‌ఎల్ సీజన్ అసలు జరగనేలేదు. 16, 17 ఏళ్ల మధ్య ఒక కుర్రాడు ఎంత ఎదిగాడో చూసే ఏడాదే మాయమైపోయింది. స్కౌట్లకైనా, అభిమానులకైనా ఊహే మిగిలింది.

ఆ రాత్రి ఏమైంది?

2022 జులై 7. బెల్ సెంటర్ కిక్కిరిసింది. మాంట్రియల్ చెప్పిన పేరు.. స్లాఫ్‌కోవ్‌స్కీ. హాలంతా ఒక్కసారిగా గుసగుసలు, కేకలు.

షాక్ అక్కడితో ఆగలేదు. న్యూజెర్సీ రెండో పేరుగా మరో స్లోవేకియా కుర్రాడు షిమోన్ నెమెత్స్‌ను పిలిచింది. మొదటి రెండూ స్లోవేకియాకే వెళ్లడం డ్రాఫ్ట్ చరిత్రలో అదే మొదటిసారి. మూడో పేరు అరిజోనా.. లోగన్ కూలీ. మూడేళ్లపాటు నంబర్ వన్ అనిపించుకున్న రైట్, తల్లిదండ్రుల పక్కన సూట్ వేసుకుని కూర్చునే ఉన్నాడు. నాలుగో పేరుగా సియాటెల్ పిలిచింది. స్టేజీ మీదకు వెళ్తూ మాంట్రియల్ టేబుల్ వైపు అతను చూసిన చూపు వీడియో నిమిషాల్లో వైరల్. అది కోపమా, ఊరికే అటు చూశాడా అన్నది అభిమానులు ఇప్పటికీ తేల్చలేదు. ఆ డిసెంబర్‌లో రైట్ తన తొలి ఎన్‌హెచ్‌ఎల్ గోల్ కొట్టింది కూడా మాంట్రియల్ మీదే. సినిమా స్క్రిప్ట్ కూడా ఇలా రాయరు.

మరి ఎవరు గెలిచారు?

తొలి ఏడాది చూస్తే రైట్ వర్గం కాలర్ ఎగరేసింది అనుకోవచ్చు. స్లాఫ్‌కోవ్‌స్కీ 39 మ్యాచ్‌ల్లో 4 గోల్సే కొట్టి గాయంతో సీజన్ మధ్యలో ఆగిపోయాడు. "మళ్లీ 1980 చేశారు" అన్నవాళ్లు బోలెడు. అయితే రైట్‌కూ అంత సాఫీగా సాగలేదు. సియాటెల్ తరఫున ఆ సీజన్‌లో ఆడింది 8 మ్యాచ్‌లే. కింది లీగ్‌కు, జూనియర్‌కు తిరిగి పంపారు.

రెండో ఏడాది సీన్ మారింది. స్లాఫ్‌కోవ్‌స్కీ 20 గోల్స్, 50 పాయింట్లు. 2024 జులైలో మాంట్రియల్ అతనితో 8 ఏళ్ల కాంట్రాక్టు కుదుర్చుకుంది, ఏడాదికి 76 లక్షల డాలర్లు. 2024-25లో అతనికి 51 పాయింట్లు, రైట్‌కు 44. ఇద్దరి గురించి ఎవరూ పెద్దగా కొట్టుకోని కూలీకి? 65. ముగ్గురికీ అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి ఏళ్లే. లెక్క ఇంకా తేలలేదు.

అసలు ముచ్చట వేరే ఉంది. అదే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో, 62వ పేరుగా మాంట్రియల్ తీసుకున్న కుర్రాడు లేన్ హట్సన్. డిఫెన్స్‌లో ఆడతాడు, కానీ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు 70 కిలోల ప్రాంతంలో. డిఫెన్స్ అంటే స్లాఫ్‌కోవ్‌స్కీ లాంటి భారీ కాయాలు మీదికొస్తే ఆపాలి కదా? అదే జట్ల భయం. పాపం, తాను ఇంకా ఎదుగుతానని డాక్టర్ రాసిచ్చిన లెటర్ పట్టుకుని మరీ ఇంటర్వ్యూలకు వెళ్లాడు! అయినా దాదాపు ప్రతి జట్టూ అతన్ని దాటేసింది. మాంట్రియల్ కూడా ముందు తనకొచ్చిన అవకాశాల్లో వేరేవాళ్లనే తీసుకుంది.

2024-25లో ఆ హట్సన్ 82 మ్యాచ్‌ల్లో 66 పాయింట్లు సాధించాడు. అందులో 60 అసిస్టులు. తొలి సీజన్ ఆడే డిఫెన్స్‌మన్‌లలో ఇది లారీ మర్ఫీ రికార్డుతో సమానం. ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనిదే. నంబర్ వన్ కంటే 15 పాయింట్లు ఎక్కువ.

ఇలాంటివి కొత్తేం కాదు. 2012లో నంబర్ వన్‌గా ఎడ్మంటన్ తీసుకున్న నెయిల్ యాకుపోవ్ 6 సీజన్లకే ఎన్‌హెచ్‌ఎల్ వదిలి రష్యా వెళ్లిపోయాడు. అదే ఏడాది 130వ పేరు కానర్ హెలెబక్. గోల్‌కీపర్. ఉత్తమ గోలీ అవార్డు మూడుసార్లు, 2025లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా!

స్కౌట్లకు ఆట తెలియక కాదు. వాళ్లు చూసేది 17 ఏళ్ల ఒంటిని, చెప్పాల్సింది 25 ఏళ్లప్పటి ఆటను. ఎముక పెరుగుతుందో లేదో, గాయం అవుతుందో, ఇల్లు వదిలి భాష రాని ఊళ్లో నిలదొక్కుకుంటాడో.. ఏ వీడియోలోనూ కనిపించదు. మొదటి రెండు మూడు పేర్ల దగ్గర స్కౌట్ల అంచనా చాలాసార్లు నిజమవుతుంది, మెక్‌డేవిడ్, మాథ్యూస్ లాగా. కిందికి వెళ్లేకొద్దీ చీకట్లో బాణమే.

ఇంతకీ మాంట్రియల్‌లో స్లాఫ్‌కోవ్‌స్కీకి, హట్సన్‌కు ఆట నేర్పింది ఎవరో తెలుసా? కోచ్ మార్టిన్ సెయింట్ లూయిస్. 2004లో స్టాన్లీ కప్, అదే ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు, తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్. ఆయన ఎత్తూ హట్సన్ అంతే. ఏ డ్రాఫ్ట్‌లోనూ, ఏ రౌండ్‌లోనూ ఆయన పేరు ఎవరూ పిలవలేదు.

ఈసారి డ్రాఫ్ట్ చూడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మొదటి రోజు తొలి రౌండ్ ఒక్కటే ఉంటుంది. అక్కడ సాయంత్రం అంటే మనకు తెల్లవారుజాము. హడావుడంతా అప్పుడే. మిగతా 6 రౌండ్లు మర్నాడు చకచకా లాగించేస్తారు, సగం మంది అభిమానులు ఆ టైమ్‌కి టీవీ కట్టేస్తారు. హట్సన్ పేరు పిలిచింది ఆ రెండో రోజే.