హారన్ మూగబోయిందా?

ఉప్పల్ రింగురోడ్డు దాటి నాచారం వైపు తిరిగారు. సందులోంచి ఓ కుర్రాడు బండి మీద దూసుకొచ్చాడు. హారన్ నొక్కారు... చప్పుడు లేదు! బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. ఇంటికెళ్లాక కొత్త హారన్ కొనేయాలనుకుంటున్నారా? ఆగండి. తప్పు హారన్‌దే కాకపోవచ్చు.

ముందు ఫ్యూజు చూడండి. ఏది హారన్‌దో బాక్సు మూత మీద ఉంటుంది. లోపలి తీగ తెగితే అన్నే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే వైర్లే కాలతాయి. కొత్తదీ వెంటనే పోతే ఎక్కడో షార్టవుతున్నట్టు.

ఫ్యూజు బాగుంటే బానెట్ ఎత్తి, ఇంకొకరిని హారన్ నొక్కమనండి. రిలే 'టిక్'మందా? అనకపోతే లోపం రిలేలోనో, స్టీరింగ్ స్విచ్‌లోనో ఉండొచ్చు. టిక్‌మన్నా మోగకపోతే హారన్ దగ్గరికెళ్లండి. ముందు గ్రిల్ వెనకే ఉంటుంది కాబట్టి వాననీళ్లు తగిలి కనెక్షన్లు తుప్పుపడతాయి. వాటిని శుభ్రం చేసి, ఎర్త్ వైరు బిగించి చూడండి. టెస్ట్ ల్యాంపు పెడితే వెలుగుతోందా? కరెంటు వస్తోందన్నమాట. అప్పుడే హారన్ మార్చాలి.

హారన్‌తోపాటు డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటూ వెలుగుతుంటే, స్టీరింగ్‌లోని క్లాక్ స్ప్రింగ్ పాడై ఉండొచ్చు. దాన్ని మాత్రం మీరు విప్పకండి. ఎయిర్‌బ్యాగ్ పేలితే ప్రమాదం. మెకానిక్‌కే వదిలేయండి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది వాహనానికి హారన్ తప్పనిసరంటోంది. రకరకాల రాగాలు తీసే హారన్లు మాత్రం కూడదంటోంది. ఉన్నా అనవసరంగా మోగించకపోవడం మర్యాద. అవసరానికి మోగకపోవడం మాత్రం ప్రమాదం!