చిన్న కారు కొనేముందు: కొత్తదా, వాడినదా?



ఎద్దును కొనడానికి సంతకు పోయిన రైతు ఏమేమి చూస్తాడో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. నోరు తెరిచి పళ్లు లెక్కబెడతాడు. సుడి చూస్తాడు, గిట్ట చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కుంటు ఉన్నదా అని చూస్తాడు. అమ్మేవాని మాటను ఒక చెవితో విని రెండో చెవితో వదిలేస్తాడు. ఇంత పరీక్ష చేసే మనిషే మోటారు కారు దగ్గరికి వచ్చేసరికి రంగు చూచి, సీటులో ఒకసారి కూర్చుండి, పాటలపెట్టె మోగించి చూచి, బయానా ఇచ్చి ఇంటికి వస్తున్నాడు. రెండు లక్షలో, ఐదు లక్షలో పెట్టి కొనే వస్తువు గదా! దానికి పళ్లెక్కడ, గిట్టలెక్కడ అన్నది తెలుసుకోవద్దా?

కారు అవసరమా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టము. సిద్దిపేట జిల్లాలో నంగునూరు వంటి మండలంలో ముసలి తల్లిని రాత్రివేళ దవాఖానకు తీసుకుపోవలసి వస్తే ఆ అవసరం ఎటువంటిదో ఎవరికి వారికే తెలుస్తుంది. మోటారుసైకిలు మీద నలుగురు పోవడం కంటే చిన్న కారులో పోవడం వెయ్యిరెట్లు మేలు. కాని ఆ మేలుకు ఎంత ఖర్చవుతుందన్నది ముందే లెక్కవేసుకోవాలి.

చిన్న కారు మన దేశానికి ఎట్లా వచ్చిందో ఒక్క ముక్క. 1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి బండి కొనుగోలుదారు చేతికి వచ్చింది. అంతవరకు అంబాసిడరు, పద్మిని వంటి బండ్లే దిక్కు. ఆ మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. 2009లో లక్ష రూపాయల కారు అని పేరుపడ్డ టాటా నానో వచ్చింది, 2018లో అదీ ఆగిపోయింది. ఈనాడు దుకాణంలో కనబడే చిన్న బండ్లు ఆల్టో కె10, ఎస్-ప్రెస్సో, సెలేరియో, వ్యాగన్ ఆర్, టియాగో, క్విడ్ మొదలైనవి. వీటిలో చాలావాటికి వెనుక భాగం కత్తిరించినట్లు ఎందుకుంటుందని అడుగుతారు. నాలుగు మీటర్ల పొడవు లోపు, పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు ఉన్న బండికి పన్ను తక్కువ. 2006 నుంచి ఈ ఏర్పాటు ఉన్నది. పన్ను కోసమే తోక కోశారన్నమాట!

ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి ఇంకా తగ్గింది. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, ఆపైన చిన్న పెట్రోలు బండికి ఒక శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం 18 శాతమే. ఇది కొత్తబండి కొనేవారికి మాత్రమే సంబంధించిన సంగతి అనుకోకండి. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా తగ్గాలి గదా! ‘నేను కొన్నప్పుడు ఇంత పెట్టాను’ అని అమ్మేవాడు పాత బిల్లు చూపితే, ఆ బండినే ఇవాళ కొత్తగా కొంటే ఎంతవుతుందో కనుక్కొని, అక్కడినుంచి బేరం మొదలుపెట్టండి.

ఇక లెక్క. విస్తరణాధికారులు ఈ లెక్కను రైతువేదికలో బోర్డుమీద వేసి చూపితే బాగుంటుంది. అంకెలు మేము వేసుకున్నవి, మీ ఊరి ధరలు పెట్టి మీరు మార్చుకోండి.

కొత్తబండి రోడ్డు మీదికి వచ్చేసరికి ఐదు లక్షలు అయిందనుకుందాం. లక్ష చేతినుంచి పెట్టి, నాలుగు లక్షలు బ్యాంకు అప్పు తీసుకున్నారు. వడ్డీ తొమ్మిదిన్నర శాతం, గడువు ఐదేండ్లు అయితే నెలకు సుమారు 8,400 రూపాయల కిస్తు పడుతుంది. ఐదేండ్లలో వడ్డీ ఒక్కటే లక్షా నాలుగు వేలు. ఐదేండ్ల తర్వాత బండిని సగం ధరకు అమ్మితే, ఏటా 50,000 రూపాయల విలువ కరిగిపోయినట్లే. వడ్డీ ఏటికి 20,800, ఇన్సూరెన్సు 15,000, సర్వీసు, టైర్లు కలిపి 12,000. మొత్తం 97,800. బండి కొట్టంలో నిలబడి ఉన్నా ఈ ఖర్చు పోదు.

వాడిన బండి రెండు లక్షలకు వచ్చిందనుకోండి, అప్పు లేదు. ఐదేండ్ల తర్వాత 80,000కు అమ్మితే ఏటికి 24,000 కరుగుతుంది. ఇన్సూరెన్సు 8,000. మరమ్మతులకు మాత్రం 25,000 విడిగా పెట్టుకోవాలి, ఇందులో పిసినారితనం పనికిరాదు. మొత్తం 57,000.

సిద్దిపేటకు రానుపోను నలభై కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు. కొత్తబండి లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే ఒక రాకపోకకు 238 రూపాయలు, పాతబండి 16 ఇస్తే 268 రూపాయలు. అదే ప్రయాణానికి ఊళ్లో కిరాయి బండి 1,200 రూపాయలు అడుగుతుందనుకుంటే, పాతబండి గిట్టుబాటు కావడానికి ఏడాదికి 61 సార్లు తిరగాలి. అంటే నెలకు ఐదుసార్లు. కొత్తబండికైతే 102 సార్లు, నెలకు ఎనిమిది తొమ్మిది సార్లు. మీ ఇంట్లో నెలకు రెండుసార్లే పని పడితే, సొంత బండి కంటే కిరాయి బండే చవక. ఈ మాట అమ్మేవాడెవడూ చెప్పడు.

కిస్తు గురించి ఇంకొక మాట. ఉద్యోగికి జీతం నెలనెలా వస్తుంది. మనకు వానాకాలం పంట ఒకసారి, యాసంగి పంట ఒకసారి వస్తుంది. వడ్లు కొనుగోలు కేంద్రంలో కాంటా అయి డబ్బు ఖాతాలో పడేదాకా చేతిలో ఆడదు. కిస్తు మాత్రం నాట్లు వేసే నెలలోనూ వస్తుంది, ఎరువులు కొనే నెలలోనూ వస్తుంది. కారు కిస్తు కట్టడానికి యూరియా అరువు తెచ్చుకునే స్థితి వస్తే అది కారు కాదు, గుదిబండ. కొన్ని బ్యాంకులు రైతులకు ఆరు నెలలకొక కిస్తు పెడతాయి. అప్పు కాగితం మీద సంతకం పెట్టకముందే అడగండి.

ఇప్పుడు వాడిన బండి పరీక్షకు వద్దాం. మనవాళ్లలో ఎక్కువమంది కొనేది ఇదే గనుక కాస్త నింపాదిగా చెప్పుకోవాలి.

ముందు నంబరు పలక చూడండి. పలక బండి వయస్సు చెబుతుంది. ఏపీ 23 అంటే ఉమ్మడి రాష్ట్రపు మెదక్ జిల్లా నంబరు. తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడింది, ఆ నెలలోనే టీఎస్ నంబర్లు మొదలైనవి. గనుక ఏపీ 23 బండి ఏదైనా అంతకు ముందుదే. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేండ్లకు ముగుస్తుంది గనుక, ఇట్లాంటి బండ్లన్నిటికీ 2029 నడుమకల్లా ఆ గడువు నిండుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేండ్లకొకసారి పొడిగించుకోవాలి. టీఎస్ 36 సిద్దిపేట జిల్లా నంబరు. జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది, కాబట్టి ఆ నంబరు బండి అంతకంటే పాతది కావడానికి సాధారణంగా వీలులేదు. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతిది. ‘2018 మాడలు’ అని చెప్పే బండికి ఏపీ 23 పలక ఉంటే మీరేమనుకోవాలో మీకే తెలుసు.

బండి చూడడానికి పొద్దున్నే పోండి. మేము వస్తున్నాము, ఇంజను ముట్టించవద్దు అని ముందే చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజనే తన రోగం దాచుకోలేదు. స్టార్టు చేయించి పొగగొట్టం దగ్గర నిలబడండి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలును తాగుతున్నది. చలి ఉదయాన కొంచెం తెల్లని ఆవిరి రావడం సహజమే, కాని ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోతే రేడియేటర్ నీరు లోపలికి పోతున్నదని అనుమానించాలి. నల్లపొగ అంటే పెట్రోలు సరిగా కాలడం లేదు. ఆయిలు పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. మజ్జిగ రంగు జిగురు ఉంటే ఆయిల్లో నీరు కలిసింది. అట్లాంటి బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత గాని, పక్కనున్న కూలెంటు డబ్బా గాని చూడండి. వేడిమీద మూత తీస్తే ముఖం కాలుతుంది, జాగ్రత్త! రంగు కూలెంటు ఉండవలసిన చోట తుప్పునీళ్లు ఉంటే, ఎవరో బోరు నీళ్లు పోసి నడిపారు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. టీ కాచే గిన్నెకు అడుగున తెల్లపొర కట్టినట్టే రేడియేటర్ లోపలా కడుతుంది.

తర్వాత బండిని ఎండలో నిలబెట్టి, ఒక పక్కనుంచి తలవంచి చూడండి. తలుపులకు, బానెట్‌కు మధ్య సందులు రెండువైపులా సమానంగా ఉండాలి. ఒక తలుపు రంగు ముదురుగా, ఒకటి లేతగా ఉంటే దెబ్బ తగిలి రంగు వేయించారు. రంగు వేయించడం తప్పు కాదు, దాచడం తప్పు. బానెట్ లోపలి బోల్టుల మూలలు అరిగి ఉన్నా, వాటి రంగు లేచిపోయి ఉన్నా ఎవరో విప్పి బిగించారు. చక్రాల టైర్ల మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2219 అంటే 2019వ సంవత్సరం 22వ వారంలో తయారైనది. టైరు ఒక్క అంచునే అరిగి ఉంటే అమరిక చెడిందో, కింది భాగానికి దెబ్బ తగిలిందో.

మీటరు 30,000 చూపిస్తుంది, క్లచ్ తొక్కే రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయింది, స్టీరింగు చక్రం నూనె రాసినట్లు మెరుస్తున్నది. ఇప్పుడు దేనిని నమ్మాలి? రబ్బరునే నమ్మాలి. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి వచ్చిన ప్రతిసారీ మీటరు అంకె రాసి ఉంచుతారు, యజమానిని వెంటబెట్టుకొని పోయి ఆ పట్టిక అడగండి.

వరదనీటిలో మునిగిన బండి చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో ఎన్నో కార్లు మునిగినవి. తర్వాతి వానలకూ మునుగుతూనే ఉన్నవి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, చివరి జానెడులో బురద చార ఉండవచ్చు. కాళ్లకింది పట్టా ఎత్తి వాసన చూడండి. సీటు కింది ఇనుప పట్టాలకు తుప్పు ఉన్నదా చూడండి.

నడిపించి చూడకుండా కొనవద్దు. చెరువుకట్ట ఎక్కే ఎత్తులో మూడో గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ పళ్లెం అయిపోయింది. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే టకటక చప్పుడు వస్తే ముందుచక్రాల ఇరుసు జాయింటు పోయింది. మీ వెంట ఒక మంచి మెకానిక్‌ను తీసుకుపోండి. అమ్మేవాని మెకానిక్ కాదు, మీ మెకానిక్.

ప్రాణరక్షణ మాట. ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి. అంతకు పాత చవక బండ్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగు కూడా లేదు. ఉన్నా, ఒకసారి పేలిన తర్వాత కొత్తది బిగించారో లేదో చూడాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నది. అసలు వెలగకపోతే దీపాన్నే పీకేశారేమో అని అనుమానించాలి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలలో పెద్దవారి రక్షణకు టియాగోకు నాలుగు నక్షత్రాలు, ఎస్-ప్రెస్సోకు సున్నా వచ్చినవి. తర్వాత బండ్లు మారినవి, 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని మన దేశపు పరీక్షే మొదలైంది. మీరు కొనే ఏడాది బండికి ఏ ఫలితం వచ్చిందో అడగండి.

పెట్రోలులో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్నది. 2023 ఏప్రిల్‌కు ముందటి బండ్లలో చాలావాటిని దీనికోసం తయారు చేయలేదు. మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలను కనిపెట్టి ఉండాలి. కరెంటు కారు కొంటామనేవారికి ఒక్కటే మాట: ఇంటి మీటరు మీదనే చార్జింగు పెట్టండి. బావికాడి ఉచిత కరెంటు సాగుకిచ్చినది, కారుకు కాదు.

చివరగా కాగితాలు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మునుగుతున్నారు. ఆర్సీలో పేరున్న మనిషే అమ్ముతున్నాడా చూడండి. దానిమీద బ్యాంకు అప్పు రాసి ఉంటే, బ్యాంకు ఇచ్చిన పత్రమూ ఫారం 35 తీసుకుని దానిని కొట్టివేయించాలి. పేరు మార్పునకు ఫారం 29, ఫారం 30. బయటి రాష్ట్రపు బండి అయితే ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. చవక అనుకున్నది అక్కడే చవక కాకుండా పోతుంది. చలాన్లు ఎన్ని బాకీ ఉన్నవో ఫోనులో నంబరు కొట్టి చూసుకోవచ్చు.

‘మనవాడే గదా, పేరు తర్వాత మార్పించుకుందాం’ అనవద్దు. ఈ మాట అమ్మేవారికి మరీ ముఖ్యం. బండి ఎవరి చేతిలో ఉన్నా, ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీరు అమ్మిన బండి చేతులు మారి ఎక్కడో ఎవరినో గుద్దితే, నోటీసు మీ ఇంటికి వస్తుంది. కొన్నవారు పద్నాలుగు రోజులలోగా ఇన్సూరెన్సును తమ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనసు ఆయనతోనే పోతుంది, బండితో రాదు, గనుక ప్రీమియం కొంత పెరుగుతుంది. తెల్లపలక సొంత బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది.

బండి ఇంటికి వచ్చిన తర్వాత దానిని గడ్డివాము పక్కన, వడ్ల బస్తాల కొట్టంలో పెట్టకండి. ఎలుకలు బానెట్ లోపలి తీగలు కొరుకుతాయి, వారం రోజులు కదలని బండిలో గూడు కడతాయి. రోడ్డుమీద ఎండబోసిన గడ్డిమీదుగా పోవలసివస్తే, దాటిన వెంటనే ఆపి కిందికి వంగి చూడండి. వేడి పొగగొట్టానికి గడ్డి చుట్టుకొని ఉంటే, ఇంజను ఆపి, చల్లారనిచ్చి, కట్టెతో లాగివేయండి.