‘నో సిగ్నల్’ వెనుక హెచ్‌డీఎంఐ

కొత్త టీవీ పెట్టె విప్పి, గోడకు బిగించి, సెట్‌టాప్ బాక్సుతో కలిపి రిమోట్ నొక్కితే నల్లటి తెర మీద ‘నో సిగ్నల్’ అన్న ముక్క తప్ప మరేమీ కనబడకపోవడం చాలా ఇళ్లకు తెలిసిన సంగతే. టీవీయే పాడని తేల్చి, మార్చి ఇమ్మని ఫోను చేయడమూ అంతే సహజం. మార్చి తెచ్చినదానిలోనూ అదే నలుపు కనిపిస్తే అనుమానం బాక్సు మీదికి, ఆ తర్వాత కేబుల్ మీదికి మళ్లుతుంది. నిజానికి ఈ మూడింటిలో ఏదీ చెడిపోకుండానే బొమ్మ ఆగిపోవచ్చు. టీవీకీ బాక్సుకీ మధ్య కుదరాల్సిన ఒప్పందం ఒకటుంది. 2002 డిసెంబరులో వెలువడిన హెచ్‌డీఎంఐ ఆ ఒప్పందాన్ని ఇంట్లో టీవీ తీగ మీదికి తెచ్చింది. అది ఎక్కడ బెడిసిందో యంత్రాలకు చాలావరకు తెలుసు, కానీ కొన్నవాళ్లకు చెప్పవు. కొత్త టీవీలో లోపం వెతకడం ఇంత కష్టమవడానికి తయారీ నాణ్యత కన్నా ఈ దాపరికమే పెద్ద కారణమని నా వాదన.

దీనికి ముందు ఇళ్లలోని టీవీ తీగల మీద ఇలాంటి సంప్రదింపులేమీ లేవు. పసుపు, ఎరుపు, తెలుపు తలల మూడు తీగలు గుర్తున్నవాళ్లకు ఇది తెలిసిందే. పసుపులో బొమ్మ, మిగతా రెండింటిలో శబ్దం. వీసీడీ ప్లేయరు తన తరంగాన్ని పంపుతూ పోయేది, అవతల టీవీ ఉందో లేదో దానికి అక్కర్లేదు. పిన్ను వదులైతే గీతలు పడేవి, మరీ వదులైతే బొమ్మ పోయి శబ్దం మిగిలేది. జబ్బేమిటో తెరే చెప్పేది. 1999లో కంప్యూటర్ల కోసం డీవీఐ వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సమాచారాన్ని అంకెలుగా మార్చి మూడు జంట తీగల మీద, వాటిని నడిపే క్లాక్‌ను నాలుగో జంట మీద పంపడం దాని పద్ధతి. హిటాచీ, మత్సుషిటా, ఫిలిప్స్, సోనీ, థామ్సన్, తోషిబా, సిలికాన్ ఇమేజ్ అనే ఏడు కంపెనీలు కలిసి దానికి శబ్దం జోడించి, ప్లగ్గును చిన్నది చేసి ఇళ్లలోకి తెచ్చినదే హెచ్‌డీఎంఐ. ఆ ప్లగ్గులో 19 పిన్నులు. పన్నెండు ఈ నాలుగు జంటలకూ వాటి కవచాలకూ పోతాయి. మన చిక్కుల్లో సగం మిగిలిన ఏడింటిలో ఉన్నాయి.

ప్లగ్గు పెట్టగానే బాక్సు 18వ పిన్ను మీద 5 వోల్టులు పెడుతుంది. టీవీ సిద్ధంగా ఉంటే 19వ పిన్ను మీద వోల్టేజి లేపి తానున్నానని తెలుపుతుంది. అప్పుడు బాక్సు 15, 16 పిన్నుల మీదుగా టీవీలో దాచి ఉంచిన ఒక పట్టీని చదువుతుంది. అందులో 128 బైట్ల మొదటి భాగం, దాని వెనుక అనుబంధ భాగాలు: తయారీదారు గుర్తు, తెర కొలత, ఏయే రెజల్యూషన్లు చూపగలదు, ఎలాంటి శబ్దాన్ని పలికించగలదు. ఈ చదువుకు వాడే రెండు తీగల పద్ధతిని ఫిలిప్స్ 1982లో రూపొందించింది, అదీ ఒకే పెట్టెలో పక్కపక్కన ఉండే చిప్పుల కోసం. దాన్ని మీటర్ల పొడవు కేబుల్ మీద నడిపించడం నాకు ఎప్పుడూ కాస్త సాహసంగానే కనిపిస్తుంది. ఒక్కో భాగంలో చివరి బైటు సరిచూసుకోవడానికి ఉంది: 128 బైట్లూ కూడితే వచ్చే మొత్తం 256తో శేషం లేకుండా భాగింపబడాలి. ఒక్క బిట్టు తారుమారైనా లెక్క తప్పుతుంది. అప్పుడు ఒక బాక్సు మళ్లీ అడగవచ్చు, మరొకటి తక్కువ రకం బొమ్మతో సరిపెట్టవచ్చు, ఇంకొకటి ఏమీ పంపకపోవచ్చు. ఇదంతా దాటాక ఇంటెల్ రూపొందించిన హెచ్‌డీసీపీ అనే కాపీ నిరోధక తాళం ఉంది. రెండు పెట్టెలూ తమ తమ రహస్య సంఖ్యలతో లెక్క కడతాయి. జవాబులు కలిస్తేనే సినిమా కదులుతుంది. దీని పాత వెర్షన్‌లో ఆ జవాబును ప్రతి 128 ఫ్రేములకు, అంటే సుమారు రెండు సెకన్లకోసారి, మళ్లీ పోల్చుకుంటారు. మధ్యలో ఎప్పుడు తప్పినా బొమ్మ పోతుంది.

ఈ వరస తెలిస్తే లక్షణాన్ని బట్టి చోటు పసిగట్టవచ్చు. బాక్సు మెనూ చక్కగా కనిపించి, సినిమా పెట్టగానే తెర నల్లబడితే తీగను అనుమానించే ముందు తాళాన్ని అనుమానించాలి. తొలినాళ్ల 4కే టీవీల్లో కొన్నిటికి హెచ్‌డీసీపీ 2.2 లేకపోవడంతో, తర్వాత వచ్చిన 4కే ప్లేయర్లు వాటికి పూర్తి స్థాయి బొమ్మ ఇవ్వలేదు. ఏ యంత్రమూ చెడలేదు, డబ్బు మాత్రం వృథా అయింది. 1080 వరుసల బొమ్మ నిలకడగా వస్తూ, 4కేకి మార్చగానే మిణుకు చుక్కలు పడినా బొమ్మ వచ్చి పోతున్నా అది వేగం సమస్య. మొదటి హెచ్‌డీఎంఐ సెకనుకు 495 కోట్ల బిట్లు మోసేది. 2013 నాటి 2.0 వెర్షన్ 1,800 కోట్లు, 2017 నాటి 2.1 వెర్షన్ 4,800 కోట్లు మోస్తాయి. పాత కేబుల్ అక్కడ చేతులెత్తేస్తుంది. బంగారు పూత కేబుల్ రంగులను మెరుగుపరుస్తుందన్న అమ్మకపు మాట మాత్రం నమ్మనక్కర్లేదు, అంకెలు చేరితే చేరతాయి, లేకపోతే లేదు. అందరూ నవ్వుకుంటూ చెప్పే ‘ఆపి మళ్లీ వేయండి’ సలహాకూ అర్థముంది. రిమోట్‌తో ఆపిన టీవీ పూర్తిగా నిద్రపోదు, దానిలో కొంత భాగం సగం కుదిరిన ఒప్పందాన్ని పట్టుకునే ఉండవచ్చు. రెండింటి ప్లగ్గులూ గోడ సాకెట్ నుంచి తీసి, కొద్దిసేపు ఆగి పెడితే సంప్రదింపు మొదటినుంచి మొదలవుతుంది.

కొత్త సరుకులో నిజంగా చెడిపోయినవి ఉండవా అని అడగవచ్చు. ఉంటాయి. వదులు సోల్డరింగ్, రవాణాలో చిట్లిన తెర, బలహీనమైన పవర్ బోర్డు లాంటివి మొదటి రోజుల్లోనే బయటపడతాయి. అయితే వాటిని విడదీయడం సులువే. టీవీ తనంతట తాను గీసే మెనూ చూడండి. అది రాకపోయినా, దాని మీదా గీతలున్నా హెచ్‌డీఎంఐకి సంబంధం లేదు, ఇక కేబుళ్లు మార్చుతూ కూర్చోకుండా టీవీ మార్చమని అడగడమే న్యాయం. శబ్దం వస్తూ తెర చీకటిగా ఉంటే చీకట్లో టార్చి వేసి చూడాలి. మసకగా బొమ్మ కదిలితే పోయింది వెనుక దీపం. మెనూ శుభ్రంగా ఉండి బయటి పెట్టె బొమ్మ మాత్రమే రానప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కు ఎంత దూరం పోగలదో 2020లో తేలింది. హెచ్‌డీఎంఐ 2.1 ఉందని డెనాన్, మరాంట్జ్, యమహా అమ్మిన ఖరీదైన ఏవీ రిసీవర్ల (బొమ్మను టీవీకి, శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టెల) గుండా గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ను తగిలించి, 4కే బొమ్మను సెకనుకు 120 ఫ్రేములతో పంపితే తెర నల్లబడింది. అదే ఎక్స్‌బాక్సును నేరుగా తగిన టీవీకి పెడితే బాగానే ఆడేది. అదే రిసీవరు మామూలు 4కే బొమ్మను నిక్షేపంగా దాటించేది. తప్పు రిసీవర్లలోని ఒక చిప్పుది. అది కూడా ఆ ఒక్క రకం సంకేతం దగ్గరే బయటపడేది. చివరికి డెనాన్, మరాంట్జ్ యాజమాన్యం విడిగా తగిలించుకునే అడాప్టరు పెట్టెను ఉచితంగా ఇచ్చింది, యమహా బోర్డు మార్చి ఇచ్చింది. ఇలాంటి లోపాన్ని ఇంట్లో కూర్చున్న మనిషి, ఒక్క నల్ల తెర ఆధారంతో, ఎలా కనిపెట్టాలి?

కారణాలు చూపితే మామూలు జనం కంగారుపడతారని కంపెనీల తరఫున ఒక వాదన వినిపించవచ్చు. వాషింగ్ మెషీన్ తన వేలెడు తెర మీద లోపం కోడ్ చూపుతుంది, మెకానిక్ దాన్నిబట్టే వస్తాడు. నలభై అంగుళాల తెర ఉన్న యంత్రానికి ఆ పాటి చోటు దొరకదా? కాపీ తాళం గుట్టు బయటపడుతుందన్న రెండో వాదనలో కొంత బలముండేది, గుట్టు మిగిలి ఉంటే. కొన్ని పదుల పరికరాల తాళాలు చేతికొస్తే మూల సంఖ్యలను లెక్కగట్టవచ్చని 2001లోనే పరిశోధకులు చూపారు. 2010 సెప్టెంబరులో ఆ మాస్టర్ కీ బయటికి పొక్కింది, నిజమైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. తర్వాతి వెర్షన్ల లెక్కలు వేరు, నిజమే. కానీ ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పడం రహస్య సంఖ్య చెప్పడం కాదు. కొన్ని స్ట్రీమింగ్ పెట్టెలు ఇప్పటికే హెచ్‌డీసీపీ లోపమని తెర మీద రాస్తున్నాయి, వాటికి ఏ నష్టమూ రాలేదు.

పెట్టె మీది రాతలూ ఇదే దారిలో ఉన్నాయి. 2.1 వెర్షన్‌లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమేనని ఆ ప్రమాణం నిర్వాహకులే 2021లో ధ్రువీకరించారు. అంటే 1,800 కోట్ల బిట్ల పాత వేగమే ఉన్న పోర్టుకు కూడా ఆ పేరు పెట్టుకోవచ్చు. పైగా కొన్ని టీవీల్లో పూర్తి వేగాన్ని సెట్టింగుల్లో ఒక్కో పోర్టుకు విడివిడిగా వేసుకోవాలి. ఏ పోర్టు ఎంత మోయగలదన్నది 15, 16 పిన్నుల మీదుగా వెళ్లే ఆ పట్టీ అనుబంధంలో రాసే ఉంటుంది. దాన్నే ‘ఇన్‌పుట్ వివరాలు’ అని మెనూలో ఒక పేజీగా వేసి, చివరి ప్రయత్నం ఏ మెట్టు దగ్గర ఆగిందో కింద ఒక వరస చేర్చడానికి కొత్త చిప్పేమీ అక్కర్లేదు.