మీకు తెలుసా? కాపాడే కణాలే మెదడును వాచేలా చేస్తాయి

● జ్వరంలో వచ్చే నీరసం, ఒళ్లునొప్పులు, నోటికి ఏదీ రుచించకపోవడం చాలావరకు క్రిమి చేసే పని కాదు. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లనే చిన్న ప్రొటీన్ల ప్రభావమది. ఒంట్లో క్రిమి చేరిందన్న కబురును మెదడుకు అందించేవి ఇవే.

● మెదడుకు సొంత కాపలా కణాలున్నాయి. మైక్రోగ్లియా అనే వీటిని 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్తెగా గుర్తించారు. క్రిమి జాడ తగిలితే ఇవి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను వదులుతాయి.

● ఆ సైటోకైన్లు మితిమీరితే రక్తనాళాల గోడలు సడలి, తెల్లకణాలు, నీరు మెదడులోకి చేరతాయి. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, మగత, ఫిట్స్ అందుకే వస్తాయి.

● 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకితే 183 మంది చనిపోయారు. ప్రధాన కారణంగా తేలింది చండీపురా వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా గ్రామంలో బయటపడడంతో దానికి ఆ పేరు వచ్చింది.

● జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపుతో మరణించినవారి వెన్నునీటిలో ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 బతికినవారిలోకన్నా ఎక్కువగా కనిపించాయి. వైరస్‌తో పాటు మన ఒంటి స్పందన కూడా ప్రాణం మీదికి తెస్తుందన్నమాట.

● జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు హైదరాబాద్‌లోనే రెండు టీకాలు తయారవుతున్నాయి: బయొలాజికల్-ఇ వారి జీవ్, భారత్ బయోటెక్ వారి జెన్‌వ్యాక్. జెన్‌వ్యాక్‌కు వాడినది కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్.

● క్రిమి లేకున్నా వాపు రావచ్చు. 2022లో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని స్వయంగా చెప్పినప్పుడు ఫిల్మ్‌నగర్ అంతా ఆ పేరు వినిపించింది. అందులో రోగనిరోధక వ్యవస్థ సొంత కండరాల మీదే దాడి చేస్తుంది. ఇలాంటి దాడి మెదడు మీదా జరగవచ్చు. 2007లో జోసెప్ డాల్‌మావ్ బృందం వివరించిన ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్ తరచూ మానసిక రోగంలా మొదలవుతుంది. వేళకు గుర్తిస్తే చాలామంది కోలుకుంటారు.

● టీబీ వల్ల మెదడు పొరలు వాచినప్పుడు టీబీ మందులతో పాటు డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు తగ్గుతాయని వియత్నాంలో జరిగిన పరిశోధన 2004లో చూపింది. సైటోకైన్ల జోరు తగ్గించే స్టెరాయిడ్ ఇది. ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టరే తేల్చాలి.

జ్వరంతో పాటు ఫిట్స్, తికమక మాటలు, లేపినా లేవని మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మీ జిల్లాలో మెదడువాపు టీకా ఇస్తుంటే పిల్లలకు తప్పక వేయించండి.