హోమ్ రికార్డింగ్: ఖరీదైన ఆడియో కన్వర్టర్ కొంటే వాయిస్ మారిపోతుందా..? చెవికి తెలిసే తేడా ఎంతంటే..

బెడ్‌రూమ్‌లో కవర్ సాంగ్స్ పాడి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు, పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్లు మొదట కొనేది ఒక మైక్, ఓ చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. కొన్నాళ్లకు పాట స్టూడియోలో పాడినట్టు రావట్లేదన్న అసంతృప్తి మొదలవుతుంది. అనుమానమంతా కన్వర్టర్ మీదకే వెళ్తుంది. ఈఎంఐ పెట్టి మరీ లక్ష రూపాయల పెట్టె కొనేందుకు రెడీ అయిపోతారు. మరి ఆ డబ్బుకు తగ్గ తేడా వినిపిస్తుందా..?

అసలు కన్వర్టర్ ఏం చేస్తుంది..?

మైక్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చేది ఏడీ కన్వర్టర్. ఆ అంకెలను తిరిగి హెడ్‌ఫోన్స్‌కు పంపేది డీఏ కన్వర్టర్. ఇంటర్‌ఫేస్‌లో రెండూ ఉంటాయి. సీడీ క్వాలిటీ అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 44,100 సార్లు సిగ్నల్‌ను కొలవడమన్నమాట. 22 కిలోహెర్ట్జ్ వరకు సౌండ్‌ను పట్టుకోవడానికి ఇది చాలు. మనిషి చెవి వినేది 20 వరకే.

24 బిట్‌కు డైనమిక్ రేంజ్ లెక్క ప్రకారం 144 డెసిబెల్స్. నిజానికి మంచి కన్వర్టర్లు కూడా 120 దగ్గరే ఆగిపోతాయి. అయితే అసలు అడ్డంకి అది కాదు. ఫ్యాన్ ఆపేసినా, అర్ధరాత్రి అయినా మామూలు గదిలో దాదాపు 30 డెసిబెల్స్ చప్పుడు ఉండనే ఉంటుంది. ఇక పక్కింటి మోటార్ ఆన్ చేశారంటే అంతే! కన్వర్టర్ నాయిస్ ఈ చప్పుడు కింద ఎక్కడో ఉండిపోతుంది.

2007లో అమెరికాలో మేయర్, మోరన్ ఇద్దరూ చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. హై రిజల్యూషన్ మ్యూజిక్‌ను నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయి కన్వర్టర్ల గుండా పంపి మరోసారి వినిపించారు. ఏది ఏదో చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా గుర్తుపట్టింది 276 సార్లే. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది.

ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చు

కొనే ముందు స్నేహితుడి ఇంటర్‌ఫేస్ ఒక రోజు అడిగి తెచ్చుకుంటే చాలు. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు కేబుల్ కలిపి, ఒకే పాటను రెండింటిలోనూ రికార్డ్ చేయాలి. చాలామంది పొరపడేది తర్వాతి స్టెప్‌లోనే. రెండు ఫైళ్ల వాల్యూమ్ 0.1 డెసిబెల్ తేడా కూడా లేకుండా సమానం చేయాలి. ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. యూట్యూబ్‌లో కనిపించే చాలా కంపారిజన్ వీడియోలను నమ్మలేకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ తర్వాత ఫుబార్2000 ప్లేయర్‌లోని ఏబీఎక్స్ ప్లగిన్‌తో పేర్లు కనిపించకుండా వినాలి. 16కి కనీసం 12 సార్లు కరెక్ట్‌గా చెప్పగలిగితేనే తేడా వినిపించినట్టు.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి..?

తేడా తెలిసేది మైక్ ప్రీయాంప్‌లో. ఉదాహరణకు షూర్ ఎస్ఎం7బీ లాంటి మైక్‌కు కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో జనరేషన్ ఇచ్చేది 56. నాలుగో జనరేషన్‌లో ఇది 69కి పెరిగింది. ఇక్కడ అప్‌గ్రేడ్‌కు అర్థముంది. డ్రమ్స్ రికార్డింగ్‌కు ఎక్కువ ఇన్‌పుట్స్ కావాలన్నా, పాడుతుంటే సొంత గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినిపిస్తున్నా పెద్ద ఇంటర్‌ఫేస్ గురించి ఆలోచించొచ్చు. గది గోడల నుంచి వచ్చే ఎకోకు మాత్రం ఏ కన్వర్టర్ దగ్గరా మందు లేదు. మైక్ వెనుక, పాడేవారి వెనుక మందపాటి బొంతలు వేలాడదీస్తే ఆ తేడా మొదటి టేక్‌లోనే తెలిసిపోతుంది.