ఎంతైనది? ఎంతసేపైనది?

విజయనగరము నడిబొడ్డున గంటస్తంభమున్నది. 1885లో కట్టినది, ఎనిమిది పలకలది, ఎత్తు 68 అడుగులు. బజారునకు వచ్చినవారును, కోటవైపు పోవువారును ఒకసారి తలయెత్తి చూచి తమ దారిని పోవుదురు. ఆ స్తంభము వారికి చెప్పునది ఒక్కటే: ఇప్పుడు ఎంతైనది?

కాని మనకు మరియొక ప్రశ్న కూడ కలదు: ఎంతసేపైనది? రోగి నాడి ముప్పదిసార్లు కొట్టుకొనుటకు ఎంతసేపు? గుఱ్ఱము మైదానమును చుట్టివచ్చుటకు ఎంతసేపు? ఈ రెండవ ప్రశ్నకు బదులు చెప్పు గడియారమును క్రోనోగ్రాఫు అందురు. స్టాపువాచిని మామూలు గడియారములో ఇమిడ్చినట్టిది. నేడది లక్షల రూపాయల విలాసవస్తువై, అరువది యేండ్లనాటి వేషము వేసికొని దుకాణములలో వెలయుచున్నది. ఆ పాత వేషముపై నేటివారికి అంత మోజు ఏల కలిగినదో చెప్పదలచినాము.

మన పెద్దలు గడియను అరువది విఘడియలుగా విభజించినారు. గడియకు 24 నిమిషములు, విఘడియకు 24 సెకండ్లు. పడమటివారు నిమిషమును అరువది సెకండ్లు చేసినారు. లూయీ మొయనే అను ఫ్రెంచివాడు అంతటితో తృప్తిపడక, సెకండులో అరువదవ వంతును కూడ కొలుచు యంత్రమును 1816లో పూర్తిచేసినాడు. నక్షత్రముల గమనమును కనిపెట్టుటకై దానిని చేసికొన్నాడు. 2013 వరకు ఆ సంగతి లోకమునకు తెలియనే తెలియదు. అంతదాక ఆ ఘనత నికొలాస్ రియూసెక్ దిగా ఉండినది. ఆయన యంత్రము 1821లో పారిస్ గుఱ్ఱపు పందెములలో, గుఱ్ఱము గీత దాటినపుడెల్ల పలకపై సిరాచుక్క పెట్టెడిది. క్రోనోగ్రాఫు అను పేరునకు ‘కాలమును వ్రాయునది’ అని అర్థము వచ్చినది అందువలననే.

ఆకాశమును చూచువారికి సెకండుతో ఏమి పని యని శ్రోతలు అడుగవచ్చును. దానికి ఉదాహరణ మన విశాఖపట్టణమందే కలదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో అచ్చట ఒక వేధశాలను నెలకొల్పినారు. వారి తరువాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు దానిని నడపినారు. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినపుడు నర్సింగరావుగారు పరిశీలించినారు. ఆ నల్లని చుక్క సూర్యుని అంచును తాకిన క్షణమేదో, విడిచిన క్షణమేదో భూమిపై వేఱువేఱు తావులనుండి గుర్తించి సరిపోల్చినచో సూర్యుని దూరమును గణింపవచ్చును. కాని ఆ క్షణమందు శుక్రబింబము అంచునకు అంటుకొని బొట్టువలె సాగినట్లు కనబడును. కన్ను తడబడును. కొన్ని సెకండ్లు తప్పినచో కోట్ల మైళ్ళ లెక్క చెదరును.

ఇక యంత్రము సంగతి. క్రోనోగ్రాఫులో గడియారము ఎప్పటివలె నడచుచునే యుండును. నడిమి పొడవాటి ముల్లు మాత్రము పని లేక నిలిచియుండును. మీట నొక్కగనే స్తంభములవంటి పళ్ళుగల చిన్న చక్రము ఒక్కమెట్టు తిరుగును; ఒక తులాదండము కదలి, నడచుచున్న చక్రముతో ముల్లు చక్రమును జతచేయును. మరల నొక్కిన విడదీయును. రెండవ మీట నొక్కిన ముల్లు మొదటికి వచ్చును. ఇందుకు హృదయాకారము గల చిన్న బిళ్ళ కారణము. దానిపై సుత్తి ఎక్కడ తగిలినను అది జారి పల్లమునకే చేరును. 1844లో అడాల్ఫ్ నికోల్ దీనికి పేటెంటు పొందినాడు.

అంచుమీది అంకెలు కూడ అలంకారము కొఱకు పుట్టినవి కావు. రైలులో కిటికీ దగ్గఱ కూర్చుండి ఒక కిలోమీటరు రాతివద్ద మీట నొక్కుడు, మరుసటి రాతివద్ద ఆపుడు. ముల్లు 45 సెకండ్ల వద్ద నిలిచినచో, అచ్చట అంచుపై 80 అని యుండును. అదియే గంటకు మీ రైలు వేగము. మోటారు పందెగాండ్ర కొఱకు 1957లో ఒమేగా వారు చేసిన స్పీడ్‌మాస్టరులో ఈ అంకెలను పలకపైనుండి అంచు కట్టుమీదికి తెచ్చినారు.

ఆ గడియారమే చంద్రునివఱకు పోయినది. వేడి, చలి, అదురు, గాలిలేని శూన్యము, ఇన్నిటికి తట్టుకొనగా 1965లో అమెరికా వ్యోమసంస్థ దానిని అంగీకరించినది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌక దెబ్బతిని, విద్యుత్తు పొదుపుకై కంప్యూటరును ఆపివేసికొన్నది. దారి దిద్దుకొనుటకు యంత్రమును సరిగా 14 సెకండ్లు మండింపవలసివచ్చినది. స్వైగర్టు అను వ్యోమగామి తన చేతి గడియారమును చూచి లెక్కించినాడు. మువ్వురును క్షేమముగా భూమికి చేరినారు.

అప్పటి గడియారములలోని 321 అను యంత్రము 1968లో ఆగిపోయి, చేయుటకు సులువైన మరొకదానికి చోటిచ్చినది. అర్ధశతాబ్ది తరువాత, 2019లో, ఆ సంస్థ దానిని తిరిగి చేయబూనినది. ఇందుకై 1972లో చంద్రునిపై నడచిన సెర్నాన్ ధరించిన గడియారమును విప్పకయే, కిరణములతో లోపలికి చూచి కొలతలు తీసినారు. 2020లో వచ్చిన ఉక్కు గడియారమునకు, 1965లో వ్యోమమందు తేలిన ఎడ్వర్డు వైట్ చేతిదే మాతృక. అయితే ఒక భేదము గమనింపవలెను. పాతదానిపై పగిలినను ముక్కలు చెదరని ప్లాస్టికు మూత యుండెడిది; కొత్తదానిపై గీతలు పడని నీలమణి స్ఫటికము వచ్చినది. మొదటిది ప్రాణభయమునుండి పుట్టినది. రెండవది ధనికుని ముచ్చటనుండి.

పాత రూపమును మరల చేయుట తప్పు కాదు. చేతిపని బ్రదికియుండుట మేలే. కాని అందలి ప్రతి గీతకును ఒకనాడు ఒక పని యుండినదని మఱవరాదు. ఈసారి గంటస్తంభము క్రింద నడచునపుడు శ్రోతలు తమ చేతి గడియారమునో, పిల్లవాని స్టాపువాచినో తీసి తమ నాడిని లెక్కించి చూడుడు. ముప్పది కొట్టుకొనుటకు ఎన్ని సెకండ్లు పట్టినవి? దానితో 1800ను భాగించినచో నిమిషమునకు ఎన్నియో తెలియును. అంత మాత్రమునకు లక్షల గడియారము అక్కరలేదు. ఎంతసేపైనది యని తెలిసికొనవలెనను ఆసక్తి చాలును.